పాదాలు నాకే కుక్క: కోల్‌కతా తేమలో దురదకు కారణం వెతకడం

కుక్క తన పాదాలు నాకడం కొత్త సంగతేమీ కాదు. బయట తిరిగి వచ్చాక కాస్త శుభ్రం చేసుకుంటుంది, పడుకునే ముందు రెండుసార్లు నాక్కుంటుంది. కానీ రాత్రి రెండింటికి ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు కూడా ఆ చప్పుడు ఆగకపోతే, తెల్లని వేళ్ళ మధ్య వెంట్రుకలు తుప్పు రంగుకు మారితే, పిలిచినా తల ఎత్తకుండా అదే పనిగా నాకుతుంటే అది అలవాటు కాదు. దురద.

కోల్‌కతా లాంటి ఊళ్ళో ఈ ఫిర్యాదు పశువైద్యులకు బాగా పరిచయం. గంగ ఒడ్డున పరచుకున్న ఈ నగరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ తరచుగా 80 శాతం దాటుతుంది. గోడలకు చెమ్మ, పరుపులకు ముక్క వాసన, కాలేజ్ స్ట్రీట్, ఠంఠనియా వైపు మోకాలి లోతు నీళ్ళు. ఈ వాతావరణంలో లాబ్రడార్, పగ్, గోల్డెన్ రిట్రీవర్, వీధి నుంచి ఇంటికి చేరిన దేశవాళీ కుక్క ఏదైనా పాదాలు నాకడం మొదలుపెడితే, ఇంట్లో వాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఒకటే: 'చికెన్ పడలేదేమో.'

కావచ్చు. కాకపోనూ వచ్చు. పాదాలు నాకడం ఒక లక్షణం, రోగం పేరు కాదు. దాని వెనుక కనీసం అరడజను కారణాలుంటాయి. వాటిలో ఏది అసలైనదో ఒక్క రక్తపరీక్ష చెప్పేయదు. ఒక వరుసలో, ఒక్కొక్కదాన్ని పక్కన పెడుతూ వెళ్తేనే తెలుస్తుంది. ఆ వరుస తప్పితే డబ్బు పోతుంది, నెలలు గడుస్తాయి, కుక్క మాత్రం నాకుతూనే ఉంటుంది.

మొదటి ఆధారం: ఎన్ని పాదాలు?

డాక్టరు దగ్గరకు వెళ్ళకముందే ఇంట్లో చూడగలిగిన సంగతి ఇది. కుక్క ఒకే పాదాన్ని, అదీ ఒకే చోట నాకుతుంటే ముందు అక్కడే వెతకాలి. వేళ్ళ మధ్య గుచ్చుకున్న ముల్లు, గడ్డి గింజ, చీలిన గోరు, గాజుపెంకు, దాక్కున్న పిడుదు, చిన్న గడ్డ, కీలు నొప్పి - ఇవన్నీ ఒక్క పాదానికి పరిమితమయ్యే కారణాలు.

రెండు ముందు పాదాలు, లేదా నాలుగూ నాకుతుంటే కథ వేరు. అప్పుడు చర్మం మొత్తాన్ని కదిలించే కారణం ఏదో ఉందని అనుమానించాలి. అలర్జీ ఆ జాబితాలో పైన ఉంటుంది. పాదాలతో పాటు చెవుల లోపల ఎర్రబడటం, మాటిమాటికీ చెవి ఇన్‌ఫెక్షన్, చంకలు, పొట్ట, మూతి చుట్టూ గోక్కోవడం కూడా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

వెంట్రుకలు తుప్పు రంగుకు మారడం చూసి చాలామంది రక్తం అనుకుని భయపడతారు. కుక్క లాలాజలంలో పోర్ఫిరిన్లు అనే వర్ణపదార్థాలుంటాయి. తడి ఆరకుండా పదేపదే నాకిన చోట అవి పేరుకుని ఆ రంగు వస్తుంది. లేత రంగు కుక్కల్లో బాగా కనిపిస్తుంది, నల్ల కుక్కల్లో కనిపించదు. కుక్క మన కళ్ళ ముందు నాకకపోయినా రాత్రంతా నాకిందని ఈ మరక చెప్పేస్తుంది.

కుక్కతోనే మొదలైన అలర్జీ శాస్త్రం

అలర్జీ గురించి మనకు తెలిసినదానిలో మొదటి పాఠం చెప్పింది కుక్కలే. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్తియే సముద్రపు ఎనిమోన్ విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి వాటికి రక్షణ కల్పించాలని చూశారు. జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అంతకంటే తక్కువ మోతాదుకే నిమిషాల్లో కుప్పకూలింది. 1902లో వారు దీనికి 'అనాఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది. శరీరాన్ని కాపాడాల్సిన వ్యవస్థే శరీరానికి ఎదురు తిరగవచ్చని లోకానికి అలా తెలిసింది.

ఈ పనికి కారణమైన ప్రతిరక్షకం ఐజీఈ అని 1960ల రెండో సగంలో తేలింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. మనుషుల్లో ఉబ్బసానికి, తుమ్ములకు దారితీసే ఇదే ఐజీఈ కుక్కల్లోనూ ఉంది. తేడా ఎక్కడంటే, మనిషికి అలర్జీ ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఎక్కువగా బయటపడుతుంది. కుక్కకు ఎక్కువగా చర్మంలో బయటపడుతుంది. మనం తుమ్ముతాం, అది నాకుతుంది.

దురద ఎలా పుడుతుంది?

ఆరోగ్యంగా ఉన్న చర్మం ఇటుకల గోడ లాంటిది. కణాలు ఇటుకలైతే వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నం. అలర్జీ స్వభావం ఉన్న కుక్కల్లో ఈ సున్నం పలచగా ఉంటుంది. ఇంటి దుమ్ములోని ప్రోటీన్లు, పుప్పొడి ఆ సందుల్లోంచి లోపలికి దిగుతాయి. లోపల కాపలా ఉన్న మాస్ట్ కణాల మీద ఐజీఈ ముందే అతుక్కుని ఉంటుంది. సరిపోలిన ప్రోటీన్ తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను, మరికొన్ని రసాయనాలను వెదజల్లుతాయి.

అయితే కుక్క దురద మొత్తం హిస్టమిన్ పని కాదు. మనకు బాగా పనిచేసే అలర్జీ మాత్రలు కుక్కల్లో చాలాసార్లు నిరాశపరచడానికి కారణం ఇదే. 2004లో గుర్తించిన ఇంటర్‌లూకిన్-31 అనే సంకేత ప్రోటీన్ నేరుగా నాడులను తాకి దురద పుట్టిస్తుంది. చర్మ అలర్జీ ఉన్న చాలా కుక్కల రక్తంలో అది కనిపిస్తుందని 2013లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఇప్పుడు వాడుతున్న కొత్త మందులు ఈ సంకేతాన్నే అడ్డుకుంటాయి.

మరి పాదాలే ఎందుకు? మొదటిది, నేలను, గడ్డిని, దుమ్మును నేరుగా తాకేవి అవే. రెండోది, వేళ్ళ మధ్య చర్మం పలచన, గాలి ఆడదు, తడి నిలుస్తుంది. మూడోది, అక్కడికి నాలుక సులువుగా అందుతుంది. నాకితే తడి, తడికి సూక్ష్మజీవులు, వాటివల్ల మరింత దురద, మళ్ళీ నాకడం. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే అసలు కారణం పోయినా చక్రం ఆగదు.

కోల్‌కతా ఇంట్లో కనిపించని అతిథులు

ఇంటి దుమ్ములో డస్ట్ మైట్లు అనే ఎనిమిది కాళ్ళ జీవులుంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. అవి కరవవు, రక్తం పీల్చవు. మనుషులు, కుక్కలు రాల్చే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అలర్జీ పుట్టించేవి ముఖ్యంగా వాటి విసర్జన రేణువుల్లోని ప్రోటీన్లు. ఇంటి దుమ్ము అలర్జీకి అసలు దోషి మైటేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హార్స్ట్, స్పీక్స్‌మా బృందం 1964లో చూపించింది.

ఈ మైట్లు నీళ్ళు తాగవు. గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. వాటి ముందు కాళ్ళ దగ్గర ఉన్న గ్రంథుల నుంచి ఉప్పుల ద్రవం ఊరుతుంది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు తడిసి ముద్దయినట్టే, ఆ ఉప్పులు గాలిలోని నీటి ఆవిరిని లాక్కుంటాయి. ఆ నీరు నోటికి చేరుతుంది. ఇది జరగాలంటే గాలిలో తేమ ఒక హద్దుకు పైన ఉండాలి. డెర్మటోఫాగోయిడిస్ టెరోనిసినస్ అనే మైట్‌కు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ హద్దు సుమారు 73 శాతం. దానికంటే తగ్గితే మైట్ శరీరం మెల్లగా ఎండిపోతుంది. సాపేక్ష ఆర్ద్రతను ఎప్పుడూ 50 శాతం లోపు ఉంచితే మైట్ల సంఖ్య పడిపోతుంది.

కోల్‌కతా వానాకాలం వాటికి పండగని ఈ లెక్కే చెబుతుంది. పైగా గది మధ్యలో కొలిచిన తేమ, కుక్క పడుకునే మూల తేమ ఒకటి కావు. ఒకే గాలి చల్లని నేలను, చెమ్మ గోడను తాకితే చల్లబడుతుంది. చల్లబడిన గాలి తక్కువ ఆవిరినే పట్టి ఉంచగలదు కనుక అక్కడ సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. గోడ వారగా వేసిన పాత పరుపు, దాని మీద వెచ్చగా పడుకున్న కుక్క, రోజూ రాలే చర్మపు పొట్టు. మైట్‌కు ఇల్లు, తిండి, నీళ్ళు అన్నీ ఒక్క చోటే.

ఇది ఊహ కాదు. కోల్‌కతా ఇళ్ళ దుమ్ములోని మైట్ల మీద కలకత్తా విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త గౌతమ్ సాహా, ఆయన సహచరులు దశాబ్దాలుగా పనిచేశారు. టెరోనిసినస్‌తో పాటు ఉష్ణమండలంలో బాగా పెరిగే బ్లోమియా ట్రాపికాలిస్ అనే మైట్ కూడా ఈ నగరంలో ఉబ్బస రోగులకు ముఖ్యమైన అలర్జీ కారకమని 2010లో వారు ప్రచురించారు. అది మనుషుల మీద చేసిన పని. కానీ కుక్క పడుకునేదీ ఆ ఇంట్లోనే.

బయట పుప్పొడి ఉంది. 1917లో జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో గాలిలోని పుప్పొడి, బూజు బీజాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన సాగింది. అక్కడ అలర్జీ కోణంలో పరిశీలించిన వాటిలో ఈత చెట్టు పుప్పొడి ఒకటి. బెంగాలీలు చలికాలంలో ఇష్టంగా తినే నొలెన్ గుడ్ బెల్లం ఇచ్చే చెట్టు అదే.

వెతకడానికి ఒక వరుస

ఇన్ని అనుమానితులున్నప్పుడు ఎవరి నుంచి మొదలుపెట్టాలి? పశు చర్మవైద్యులు అనుసరించే క్రమం సూటిగా ఉంటుంది. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో తేలేవి ముందు. ఎక్కువ కాలం పట్టేవి తర్వాత. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, కుక్క బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి మెట్టు పరాన్నజీవులు. ఫ్లీ పురుగులు, పిడుదులు, గజ్జి పుట్టించే సార్కోప్టిస్, వెంట్రుకల మొదళ్ళలో ఉండే డెమోడెక్స్ మైట్లు. ఒక్క ఫ్లీ కూడా కంటికి కనబడలేదని వదిలేయకూడదు. ఫ్లీ అలర్జీ ఉన్న కుక్కకు నాలుగైదు కాట్లు చాలు, నాకుతూ ఆ పురుగులను మింగేస్తుంది కూడా. డాక్టరు చర్మాన్ని బ్లేడుతో తేలికగా గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఐసోక్సాజోలిన్ తరగతి మందులు ఈ పురుగులన్నిటి మీదా పనిచేస్తాయి కనుక, వాటిని సరైన మోతాదులో వాడటమే ఒక పరీక్షగా కూడా పనికొస్తుంది. మూర్ఛ వచ్చే కుక్కైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. తడి మట్టిలో తిరిగే కుక్కల్లో కొంకి పురుగు లార్వాలు పాదాల చర్మంలోంచి దూరి దురద పుట్టిస్తాయి కాబట్టి మల పరీక్ష, పురుగుల మందు కూడా ఈ మెట్టులోనే.

రెండో మెట్టు ఇన్‌ఫెక్షన్. వేళ్ళ మధ్య పారదర్శక టేపును అద్ది, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే మలాసీజియా అనే ఈస్ట్, స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ఉన్నాయో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. ముక్క వాసన, జిడ్డు, గోళ్ళ మొదళ్ళ దగ్గర గోధుమ రంగు ఉంటే ఈస్ట్‌ను అనుమానించాలి. ఇవి చాలాసార్లు అసలు దోషులు కావు, అలర్జీ తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చినవి. అయినా ముందు వీటిని తగ్గించాలి. లేకపోతే తర్వాత చేసే ఏ పరీక్ష ఫలితాన్నీ నమ్మలేం. చూడకుండానే యాంటీబయాటిక్ రాయించుకోవడం ప్రమాదం. కుక్కల చర్మంపై ఉండే స్టెఫిలోకాకస్‌లో మందులకు లొంగని రకాలు ప్రపంచమంతటా పెరుగుతున్నాయి.

మూడో మెట్టు నేల. ఇల్లు తుడిచే ఫినాయిల్, ఘాటైన ఫ్లోర్ క్లీనర్లు పాదాలను, పొట్టను మండిస్తాయి. రెండు వారాలు మామూలు నీళ్ళతో తుడిచి చూడటానికి ఖర్చేమీ లేదు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో నడిచి వచ్చాక పాదాలు కడిగి, వేళ్ళ మధ్య పొడిగా తుడవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఈ మూడూ అయ్యాక కూడా నాకడం ఆగకపోతే మిగిలేవి ముఖ్యంగా రెండు: ఆహారం, లేదా వాతావరణంలోని అలర్జీ కారకాలు. ఈ రెంటినీ పాదాలు చూసి వేరు చేయడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా సాధ్యం కాదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బిస్కెట్ దగ్గర ఓడిపోయే పరీక్ష

ఆహార అలర్జీని తేల్చే నమ్మకమైన మార్గం ఒక్కటే: ఎలిమినేషన్ డైట్. అంటే కుక్క ఇంతవరకూ ఎప్పుడూ తినని ప్రోటీన్‌ను, లేదా ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఆహారాన్ని మాత్రమే పెట్టడం. ఎంత కాలం? అంతకుముందు జరిగిన అధ్యయనాలను 2015లో ఒలివ్రీ, మ్యూలర్, ప్రెలో కలిపి చూశారు. ఆహార అలర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా 5 వారాల్లో మెరుగయ్యాయి. 90 శాతానికి పైగా మెరుగవడానికి 8 వారాలు పట్టింది. కాబట్టి 10 రోజులు చికెన్ మానేసి 'తేడా లేదు' అంటే ఆ మాటకు విలువ లేదు.

కుక్కల్లో ఆహార అలర్జీ కారకాల మీద అదే బృందం 2016లో 297 కుక్కల సమాచారం చూసింది. గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17 శాతం, కోడి మాంసం 15 శాతం, గోధుమ 13 శాతం కుక్కల్లో దోషులుగా తేలాయి. బియ్యం చాలా అరుదు. ఈ లెక్క ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుక్కలది. అక్కడ కుక్కలు ఎక్కువగా తినేవే జాబితాలో పైన ఉన్నాయి. అంటే ఫలానా మాంసం చెడ్డదని కాదు, ఎక్కువగా తిన్నదానికే అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువని అర్థం. కోడి, అన్నంతో పెరిగిన కోల్‌కతా కుక్కకు కోడి మీద అనుమానం సహజమే. కానీ అనుమానం రుజువు కాదు.

ఇక్కడే కోల్‌కతా ఇంట్లో అసలు చిక్కు. కోడి, గుడ్డు, వేట మాంసం, రుయ్ చేప, పాలు, పెరుగు అన్నీ రుచి చూసిన కుక్కకు కొత్త ప్రోటీన్ ఏముంటుంది? కోడి బదులు బాతు పెడదామంటే రెండూ పక్షులే, ప్రోటీన్లు కలుస్తాయి. పాలు, మేక మాంసం విషయంలోనూ ఇలాంటి పోలికలుంటాయి. అందుకే డాక్టర్లు చాలాసార్లు హైడ్రోలైజ్డ్ ఆహారం వైపు మొగ్గుతారు. అది ఖరీదు. ఇంట్లో వండదలచుకుంటే కుక్క ఇప్పటిదాకా తిన్నవన్నీ రాసుకుని వెళ్ళి, డాక్టరుతో కలిసి నిర్ణయించుకోవాలి.

రెండో చిక్కు మనుషులు. తాతగారు సాయంత్రం టీలో ముంచి ఇచ్చే మారీ బిస్కెట్‌లో గోధుమ, పాలు రెండూ ఉంటాయి. పూజ రోజుల్లో ఇంటికొచ్చిన చుట్టం ప్రేమగా పెట్టే సందేశ్ పూర్తిగా పాల ప్రోటీన్. వీధి మూల టీ కొట్టు దగ్గర పాలబ్బాయి విసిరిన బ్రెడ్ ముక్క, రుచి కోసం మాంసం కలిపిన పురుగుల మాత్ర - ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఏడో వారంలో ఒక్క బిస్కెట్ ఆ ఏడు వారాల శ్రమనూ పోగొట్టవచ్చు. దుర్గా పూజకు నెల ముందు ఈ పరీక్ష మొదలుపెట్టకపోవడం మంచిది. మొదలుపెట్టే రోజున ఇంట్లో అందరినీ, పనమ్మాయితో సహా, కూర్చోబెట్టి ఎందుకో చెప్పాలి.

మూడో చిక్కు చివరి అడుగు. కుక్క మెరుగైతే సంతోషించి అక్కడే ఆగిపోతారు. కానీ వానాకాలం అయిపోయినందుకే మెరుగైందేమో? అందుకే పాత ఆహారాన్ని తిరిగి పెట్టి చూడాలి. అలర్జీ నిజంగా ఉంటే చాలా కుక్కల్లో రెండు వారాల్లోపు దురద తిరిగి వస్తుంది. మళ్ళీ ఆపితే తగ్గాలి. అప్పుడే రుజువు. బాగుపడిన కుక్కకు మళ్ళీ దురద తెప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఈ అడుగు వేయకపోతే ఆ కుక్క జీవితాంతం అవసరం లేని ఖరీదైన ఆహారం తినాల్సి రావచ్చు.

వాతావరణ అలర్జీ అని ఎప్పుడు అనాలి?

పురుగులు లేవు, ఇన్‌ఫెక్షన్ తగ్గింది, ఆహారం కారణం కాదు. అప్పుడు మిగిలింది అటోపిక్ డెర్మటైటిస్, అంటే దుమ్ము, పుప్పొడి, బూజుల వంటి వాటికి చర్మం చూపే అలర్జీ. ఇది అన్నిటినీ తీసేశాక మిగిలే నిర్ధారణ.

దీనికి తోడ్పడేందుకు స్విట్జర్లాండ్‌కు చెందిన క్లాడ్ ఫావ్రో బృందం 2010లో 800కు పైగా కుక్కల వివరాల నుంచి 8 గుర్తులు తయారుచేసింది. మూడేళ్ళ వయసులోపు మొదలవడం, ఎక్కువగా ఇంట్లోనే ఉండటం, స్టెరాయిడ్‌కు దురద తగ్గడం, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ తిరిగి తిరిగి రావడం, ముందు పాదాలు దెబ్బతినడం, చెవి డొప్పలు దెబ్బతినడం అనేవి ఆరు. చెవి అంచులు బాగుండటం, నడుము పైభాగం బాగుండటం మిగతా రెండు. ఈ చివరి రెంటిలో ఒక తెలివి ఉంది. గజ్జి చెవి అంచులను పట్టుకుంటుంది, ఫ్లీ అలర్జీ నడుమును, తోక మొదలును పట్టుకుంటుంది. అవి శుభ్రంగా ఉన్నాయంటే ఆ ఇద్దరు దోషులు దూరమైనట్టే. ఎనిమిదిలో అయిదు సరిపోతే అటోపీ ఉన్న కుక్కల్లో దాదాపు 85 శాతాన్ని పట్టుకోవచ్చు. అయితే అటోపీ లేని ప్రతి అయిదు కుక్కల్లో ఒకటి కూడా ఇందులో చిక్కుకుంటుంది. అందుకే ఈ పట్టికను వరుసకు బదులుగా వాడకూడదు, వరుస పూర్తయ్యాక వాడాలి.

ఇంట్లో రాసుకునే చిన్న పుస్తకం ఇక్కడ ఎంతో ఉపయోగం. రోజూ దురదకు 0 నుంచి 10 మధ్య ఒక అంకె, ఆ రోజు వాతావరణం, తిన్నవి, ఏ పాదం. ఆహార అలర్జీకి రుతువులతో పని లేదు. పుప్పొడికి రుతువుంటుంది. మైట్లు ఏడాదంతా ఉన్నా వానల్లో పెరుగుతాయి. చలికాలంలో గాలి పొడిబారి మైట్లు తగ్గినా వాటి విసర్జన రేణువులు దుమ్ములో నెలల తరబడి మిగిలే ఉంటాయి. కాబట్టి డిసెంబరులోనూ నాకుతోందని మైట్లను నిర్దోషులుగా వదిలేయలేం. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల వారికి ఈ లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది.

పరీక్షలు చెప్పగలిగేది, చెప్పలేనిది

చర్మంలోకి సూక్ష్మ మోతాదులు ఎక్కించి చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ కొలిచే పరీక్ష అందుబాటులో ఉన్నాయి. చాలామంది అనుకుంటున్నట్టు ఇవి 'అలర్జీ ఉందా లేదా' అని చెప్పేవి కావు. ఏ దురదా లేని ఆరోగ్యమైన కుక్కల్లోనూ ఇవి పాజిటివ్ రావచ్చు. అటోపీ అని వైద్యపరంగా తేలిన తర్వాత, ఇమ్యునోథెరపీలో ఏ అలర్జీ కారకాలను కలపాలో ఎంచుకోవడానికి ఇవి పనికొస్తాయి. ప్యానెల్‌లో ఏయే పదార్థాలున్నాయో కూడా చూడాలి. ఐరోపా గడ్డి పుప్పొళ్ళు నిండి, బ్లోమియా లేని ప్యానెల్‌లో కోల్‌కతా కుక్క నెగటివ్ వచ్చినా దాని అర్థం పరిమితమే. ఆహార అలర్జీకి రక్తపరీక్ష మీద ఆధారపడటం అసలు తగదు.

వెంట్రుకలు, లాలాజలం పంపితే వందల అలర్జీల జాబితా పంపే కిట్ల సంగతి ఇంకా స్పష్టం. 2019లో కోయ్నర్, షిక్ అనే పశు చర్మవైద్యులు అలర్జీ ఉన్న కుక్కల నమూనాలతో పాటు ఆరోగ్యమైన కుక్కలవి, కృత్రిమ బొచ్చు, ఉప్పు నీరు కూడా అలాంటి ప్రయోగశాలకు పంపారు. కృత్రిమ బొచ్చుకు కూడా అలర్జీలున్నట్టు నివేదిక వచ్చింది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఊరట, దాని వెల

దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చౌక. మర్నాటికే కుక్క హాయిగా నిద్రపోతుంది, ఇంటిల్లిపాదీ నిద్రపోతారు. ఆ ఊరటను తేలిగ్గా తీసిపారేయలేం. నెలల తరబడి నిద్ర లేని కుక్కకు అది నిజంగా అవసరం కావచ్చు. డాక్టర్లు ఆహార పరీక్ష మొదటి వారాల్లో తక్కువ కాలానికి మాత్రలుగా ఇవ్వడమూ ఉంది.

చిక్కు ఏమిటంటే, కారణం వెతకకుండా ఆరు వారాలకోసారి అదే ఇంజెక్షన్ వేయించుకుంటూ పోవడం. ఇంజెక్షన్ ప్రభావం వారాల పాటు ఉంటుంది. ఆ సమయంలో ఆహారం మారిస్తే మెరుగుదల ఆహారానిదో మందుదో తెలియదు. చర్మ పరీక్ష ఫలితం కూడా తారుమారవుతుంది. ఏళ్ళ తరబడి వాడితే దాహం, ఆకలి, బరువు పెరగడం, చర్మం పలచబడటం, మధుమేహం వచ్చే ప్రమాదం. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము పాదాలకు రాస్తే కుక్క దాన్ని నాకి మింగుతుంది.

కారణం తెలిశాక

ఆహారం కారణమైతే అది మానేయడమే వైద్యం. అటోపీ అయితే పూర్తిగా నయం కావడం అరుదు, అదుపు మాత్రం సాధ్యం. ఆ అదుపు ఒక్క మందుతో కాదు, చాలా చిన్న పనులు కలిస్తే వస్తుంది. బయటి నుంచి రాగానే పాదాలు కడిగి ఆరబెట్టడం. డాక్టరు చెప్పిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో తుడవడం. కుక్క పరుపు కవరును వారానికోసారి వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయడం. చెమ్మ గోడకు దూరంగా పడుకోబెట్టడం. ఏసీ ఉన్న ఇంట్లో అది గాలిలోని నీటిని తీసేస్తుంది కనుక కుక్క ఆ గదిలో పడుకోవడం మేలు.

మందుల్లో ఇంటర్‌లూకిన్-31 సంకేతాన్ని లోపలి నుంచి అడ్డుకునే ఆక్లాసిటినిబ్, ఆ ప్రోటీన్‌నే పట్టుకునే లోకివెట్‌మాబ్ వంటివి వచ్చాయి. ఇమ్యునోథెరపీ మూలానికి దగ్గరగా వెళ్ళే వైద్యం. అలర్జీ కారకాన్నే కొద్దికొద్దిగా ఇస్తూ శరీరానికి ఓర్పు నేర్పుతుంది. సగానికి పైగా కుక్కల్లో మేలు చేస్తుంది, కానీ ఫలితం తేలడానికి ఏడాది దాకా పట్టవచ్చు. రిషే ఒక శతాబ్దం కిందట కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి రక్షణ సాధించాలనుకున్నాడు. ఆయన చేతిలో విఫలమైన ఆలోచన, సరైన పదార్థంతో, సరైన మోతాదులో, ఇప్పుడు కుక్కలకే తిరిగి వచ్చింది.

కోల్‌కతాలో పశువైద్య విద్యకు పాత చరిత్ర ఉంది. బెల్గాచియాలో 1893లో మొదలైన బెంగాల్ వెటర్నరీ కాలేజీ, 1995లో ఏర్పడిన పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య శాస్త్రాల విశ్వవిద్యాలయంలో భాగమైంది. నైపుణ్యం నగరంలో ఉంది. కానీ వైద్యుడు కుక్కను చూసేది పావుగంట. మిగతా రోజంతా చూసేది ఇంట్లో వాళ్ళు. ఎన్ని పాదాలు, ఏ నెలలో మొదలైంది, ఏం తింది, ఎక్కడ పడుకుంది - ఈ ప్రశ్నలకు జవాబు ప్రయోగశాల దగ్గర లేదు. తారీఖులతో రాసిన నాలుగు పేజీల నోట్‌బుక్‌తో వెళ్ళిన మనిషి, కారణం వెతికే పనిలో సగం దూరం ముందే నడిచినట్టు.